టెస్టర్ వెలగలేదని వైరు పట్టుకోకండి

అన్నలూ, తమ్ముళ్లూ! నిన్న పలాసలో ఒక జీడిపప్పు బట్టీలో ఎంసీబీ (బోర్డులో కరెంటు ఆపే స్విచ్చి) దించి వైరు మీద టెస్టర్ పెట్టాను. వెలగలేదు. ఎందుకో మనసొప్పక, ఫ్యాను తిరుగుతున్న పక్కగది ప్లగ్గులో పెట్టి చూశాను. అక్కడా వెలగలేదు! లోపలి నియాన్ బల్బు పోయింది. మేం దించిన ఎంసీబీ కూడా వేరే గదిది. చేయి పెట్టుంటే 230 వోల్టులు.

ముందు కరెంటున్న ప్లగ్గు, తర్వాత మన వైరు, మళ్లీ అదే ప్లగ్గు: మూడుసార్లూ చూడండి, అర నిమిషం పని. ఎండలో ఆ ఎర్ర చుక్క కనబడదు, అరచెయ్యి అడ్డుపెట్టండి. పొడి చెక్క నిచ్చెన మీద నిలబడితే మసగ్గా వెలుగుతుంది, మోసపోవద్దు. న్యూట్రల్ (కరెంటు తిరిగెళ్లే వైరు) తెగి, ఆ లైనులో లైటో ఫ్యానో స్విచ్చి వేసుంటే ప్లగ్గు రెండు కన్నాల్లోనూ వెలగొచ్చు. బాడీ పగిలిన టెస్టర్ ఈరోజే పారేయండి.