ఎండ జాగ్రత్తలు ఫోన్లలోకి రావాలి

ఎండ నుంచి చర్మాన్ని, కళ్లను కాపాడుకోవాలన్న మాట యువతకు చేరడం లేదు, ఎందుకంటే వారు చూసే చోట మనం చెప్పడం లేదు. మా అన్నయ్య కొడుకు మిట్టమధ్యాహ్నం మేడ మీద రెండు గంటలు నిలబడి అర నిమిషం వీడియో తీశాడు. మూడో రోజుకు ముక్కు మీద, మెడ వెనుక చర్మం ఉల్లిపొరలా లేచింది. దాన్నీ ఫొటో తీసి పెడితే నవ్వు బొమ్మలు కుప్పలుగా వచ్చాయి, జాగ్రత్త చెప్పిన వ్యాఖ్య ఒక్కటీ లేదు. వాడి ఫోనులో సన్‌స్క్రీన్ వీడియోలకు కొదవ లేదు. అన్నీ రంగు తగ్గకుండా ఉండే చిట్కాలే! సూర్యరశ్మిని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1992లోనే క్యాన్సర్ కారకంగా గుర్తించిందని, పలచటి మబ్బు అతినీలలోహిత కిరణాలను పెద్దగా ఆపదని, సన్‌స్క్రీన్‌ను రెండు గంటలకోసారి మళ్లీ రాసుకోవాలని చెప్పినవి నాకు కనబడలేదు. ఉపన్యాసాలు ఇక్కడ పనికిరావు. ఆస్ట్రేలియాలో 1981లో ఒక సీగల్ పక్షి బొమ్మ చేత పాట పాడించి చొక్కా, సన్‌స్క్రీన్, టోపీల సంగతి ఇంటింటికీ చేర్చారు. ఇప్పుడు ఆ పని పదిహేను సెకన్ల వీడియో చేయగలదు. వాతావరణ శాఖలు ఆ రోజు యూవీ సూచికను, అంటే అతినీలలోహిత కిరణాల తీవ్రతను చెప్పే అంకెను, ఉదయమే సామాజిక మాధ్యమాల్లో పెట్టాలి. అది 3 గాని అంతకు మించి గాని ఉంటే నీడ, టోపీ, పొడుగు చేతుల చొక్కా అవసరమని అందులోనే చెప్పాలి. ఆరోగ్య శాఖలు ఆ వీడియోలను కళాశాల విద్యార్థుల చేతే తీయించాలి. సన్‌స్క్రీన్ అమ్మే సంస్థల డబ్బును మాత్రం అందులోకి రానివ్వకూడదు.