అలాహా, అలోహో

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం అందింది. ఏసు దేవుణ్ణి ‘అల్లా’ అనే పిలిచాడని ఒకరు, అదంతా అబద్ధమని మరొకరు భోజనాల బల్ల దగ్గర గొడవపడితే, తీర్పు చెప్పమని నన్ను లాగుతావా? సరే, అడిగిన పాపానికి చదువు.

ఏసు మాట్లాడింది అరామిక్. అందులో దేవుడు ‘ఎలాహ్’. చివర ‘ఆ’ చేరిస్తే ‘ఎలాహా’, ఇంగ్లిషులో ముందు ‘the’ పెట్టినట్టు, ‘ఆ దేవుడు’ అని అర్థం. అరబ్బీ ఇదే పనిని మాట మొదట్లో చేస్తుంది: ‘అల్’, ‘ఇలాహ్’ కలిసిపోయి ‘అల్లా’ అయిందని ఎక్కువమంది పండితులు అంటారు. హీబ్రూ ‘ఎలోహీమ్’ కూడా ఈ వంశమే. కాబట్టి ఏసు అన్నది ‘అల్లా’ కాదు, దాని దాయాది మాట. మన తెలుగు బైబిలు తెరిచినా దొరుకుతుంది. మార్కు సువార్తలో సిలువ మీది కేక ‘ఎలోయీ, ఎలోయీ’, అంటే ‘నా దేవా’. మత్తయి మాత్రం ‘ఏలీ, ఏలీ’ అని హీబ్రూ రూపం రాశాడు. పక్కన నిలబడ్డవాళ్లు అది విని ఏలీయా ప్రవక్తను పిలుస్తున్నాడని అనుకున్నారట!

ఎడెస్సాలో, అంటే ఇప్పటి తుర్కియేలోని ఉర్ఫాలో, పెరిగిన అరామిక్ మాండలికమే సిరియాక్. అందులో దేవుడన్న మాటను తూర్పు సంప్రదాయం క్రైస్తవులు ‘అలాహా’ అని, పశ్చిమ సంప్రదాయంవాళ్లు ‘అలోహో’ అని పలుకుతారు. ఆ తేడా వినడానికి ఇరాక్ దాకా పోనక్కర్లేదు, కేరళ చాలు. సిరో మలబార్ చర్చిల్లో త్రిశుద్ధ కీర్తన ‘ఆలాహా’ అని వినిపిస్తే, ఆర్థడాక్స్, యాకోబాయ చర్చిల్లో ‘ఆలోహో’ అని వినిపిస్తుంది. పోర్చుగీసు పాదరీల పెత్తనాన్ని ఒప్పుకోమని కేరళ క్రైస్తవులు చేసిన 1653 నాటి కూనన్ సిలువ ప్రమాణం తర్వాత జరిగిన చీలికల్లో ఒక వర్గం క్రమంగా పశ్చిమ పద్ధతికి మారింది. మూడున్నర శతాబ్దాల నాటి తగాదా ఒక్క అచ్చులో దాగి ఉందన్నమాట.

నాకు అన్నిటికన్నా నచ్చింది చుక్కల సంగతి. సిరియాక్‌లో ఈ మాటకు నాలుగు అక్షరాలు: ఆలఫ్, లామద్, హే, మళ్లీ ఆలఫ్. ‘దేవుడు’ అన్నా, ‘దేవుళ్లు’ అన్నా అవే నాలుగు! బహువచనమైతే పైన పక్కపక్కన రెండు చుక్కలు పెడతారు, వాటిని సెయామే అంటారు. ఒక్కడే దేవుడని వాదిస్తూ రాస్తున్న సన్యాసి కలం పొరపాటున రెండు చుక్కలు రాల్చిందంటే ఆ పూట మఠంలో ఏం జరిగేదో ఊహించుకో.

దీన్నిబట్టి నీకు అర్థమయ్యే ఉంటుంది, ఇది ఏ ఒక్క మతం సొత్తూ కాదు. యిర్మీయా గ్రంథమంతా హీబ్రూ, ఒక్క 10:11 మాత్రం అరామిక్. ఆ వాక్యంలో నశించిపోతాయని చెప్పిన దేవతలకు వాడింది కూడా ఈ మాట బహువచనమే. ఈజిప్టులో నైలు నది మీది ఎలిఫంటైన్ ద్వీపంలో యూదుల ఆలయాన్ని క్రీ.పూ. 410లో కూల్చేశారు. మళ్లీ కట్టుకోనివ్వమని వాళ్లు క్రీ.పూ. 407లో యూదయ అధికారి బగోహికి అరామిక్‌లో అర్జీ రాశారు. ‘ఆకాశపు దేవుడు మా ప్రభువు క్షేమాన్ని ఎల్లవేళలా విచారించుగాక’ అన్న ధోరణిలో మొదలవుతుంది అది. అర్జీ రాయడంలో వినయం వాళ్ల దగ్గరే నేర్చుకోవాలి. ఇక ఇరాక్, ఇరాన్‌లలోని చిన్న మతంవాళ్లు మాండియన్లకు, వాళ్ల గ్రంథాల భాష అరామిక్‌లో ఒక రకమే అయినా, ఈ మాట మీద అంత ప్రేమ లేదు. తమ దేవుణ్ణి ‘హయ్యి రబ్బి’, మహా జీవం, అని పిలుచుకుంటారు.

అశోకుడి సంగతి చెప్పకపోతే నువ్వు అలుగుతావు. మన ఎర్రగుడి శాసనాల్లో ఆయన ‘దేవానాంప్రియుడు’ కదా? 1958లో కాందహార్‌లో గ్రీకు, అరామిక్ భాషల్లో ఉన్న ఆయన శాసనం బయటపడింది. అరామిక్ భాగంలో ప్రియదర్శి రాజు ఉన్నాడు కానీ దేవతలకు ప్రియుడన్న బిరుదు లేదు! దేవతల ఊసు వదిలేసి ‘మారన్’, అంటే ‘మా ప్రభువు’, అని రాశారు. మన క్రైస్తవులు ‘మరనాతా’ అంటారే, అందులో ఉన్నదీ ఆ ‘మారన్’ మాటే. కావాలని వదిలేశారో, అక్కడివాళ్లకు ఏ దేవతలని చెప్పాలో తోచక వదిలేశారో, నీ ఊహ ఏమిటో రాయి. నేనైతే రెండో దానివైపే.

వదినకు నమస్కారాలు చెప్పు.

నీ
సుధాకర్