కాలేయంలో చీముగడ్డ తగ్గాక పెద్దపేగునూ చూడాలి

సంపాదకులకు నమస్కారం.

మా మేనమామ గారికి అరవై రెండో ఏట చలిజ్వరం, కుడి డొక్కలో నొప్పి వచ్చి, స్కానింగులో కాలేయంలో చీముగడ్డ ఉన్నట్టు తేలింది. గొట్టం వేసి చీము తీసి, యాంటీబయాటిక్ మందులిచ్చాక ఆయన కోలుకున్నారు. చీములో క్లెబ్సియెల్లా అనే బ్యాక్టీరియా పెరిగిందని పరీక్ష కాగితంలో స్పష్టంగా ఉంది. షుగర్ ఉంది కనుక వచ్చిందన్నారు, మేమూ అంతటితో ఊరుకున్నాం. ఏడాదిన్నర తరువాత మలంలో రక్తం కనిపిస్తే మొలలనుకుని మరికొన్ని నెలలు గడిపాం. తీరా కొలనోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టాన్ని మలద్వారం గుండా పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేస్తే పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది.

మన ప్రాంతంలో కాలేయంలో గడ్డ అనగానే అమీబాను, కల్లును తలచుకోవడం అలవాటు. అమీబా గడ్డ చాలావరకు మెట్రోనిడజోల్ అనే మందుతోనే నయమవుతుంది. బ్యాక్టీరియా గడ్డ సంగతి వేరు. దానికి తరచుగా పిత్తనాళంలో రాయో, అడ్డంకో కారణమవుతుంది. అలాంటిదేమీ కనబడనప్పుడు పేగు వైపు చూడాలి. ఎందుకంటే పెద్దపేగు నుంచి రక్తం పోర్టల్ సిర గుండా నేరుగా కాలేయానికే వెళుతుంది కనుక, కణితి వల్ల పేగు లోపలి పొర దెబ్బతిన్నచోట బ్యాక్టీరియా రక్తంలోకి చొరబడి అదే దారిన కాలేయానికి చేరగలదు. తైవాన్‌లో జాతీయ ఆరోగ్య బీమా రికార్డుల ఆధారంగా 2014లో వెలువడిన అధ్యయనం, ఇటువంటి గడ్డ వచ్చినవారిలో జీర్ణకోశ క్యాన్సర్లు ఇతరులకన్నా సుమారు నాలుగు రెట్లు ఎక్కువగా కనిపించాయని తేల్చింది. గడ్డ వచ్చినవారిలో అత్యధికులకు క్యాన్సర్ ఉండదు, ఈ ఉత్తరం చదివి ఎవరూ భయపడనక్కర్లేదు. షుగర్ ఉన్నవారికి ఈ గడ్డ వచ్చే అవకాశం ఎక్కువన్నదీ నిజమే. కానీ షుగర్ ఉన్నంత మాత్రాన పేగు బాగున్నట్టు కాదు కదా!

కొలనోస్కోపీకి ముందురోజు విరేచనాల మందు తాగాలంటే మన పెద్దవాళ్లు జంకుతారు. అయినా పేగులోని చిన్న బొడిపె క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా ఏళ్లు పడుతుంది. ఆలోగా కనబడితే ఆ పరీక్షలోనే తీసివేయవచ్చు. అందువల్ల గడ్డకు కారణం తేలని రోగులకు, ముఖ్యంగా యాభై దాటినవారికి, కోలుకున్నాక కొలనోస్కోపీ గురించి మాట్లాడాలని డిశ్చార్జి కాగితంలో తెలుగులో ఒక్క వాక్యం రాసి ఇవ్వవలసిందిగా వైద్యులను వేడుకుంటున్నాను. ఆ వాక్యం మా కాగితంలో ఉండి ఉంటే, రక్తం కనబడిన రోజున మేము మొలల మందు కోసం వెళ్లేవాళ్లం కాదు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
ఖమ్మం