గోదావరికి వచ్చే విమానంలో కుడి కిటికీ

అయ్యా,

పండుగలకూ పెళ్లిళ్లకూ హైదరాబాదు, బెంగళూరు, చెన్నైల నుంచి విమానంలో రాజమహేంద్రవరం విమానాశ్రయమున్న మధురపూడికి వచ్చి దిగడం మన గోదావరి జిల్లాలవారికి ఇప్పుడు వింతేమీ కాదు. టికెట్టు ధరను పదిసార్లు సరిచూసుకునే మనం సీటు ఏ వైపు తీసుకోవాలో మాత్రం ఆలోచించం. డెల్టా అంతా కిందుగా పరచుకుని కనిపించే కొద్ది నిమిషాలూ అందువల్లే చేజారిపోతున్నాయి. ఈ సంగతిని మీ పత్రిక ద్వారా పాఠకుల దృష్టికి తేవాలని రాస్తున్నాను.

గోదావరి ధవళేశ్వరం దగ్గర గౌతమి, వసిష్ఠ పాయలుగా చీలి సముద్రం వైపు సాగుతుంది. విమానాశ్రయం అంతకు ఎగువన, రాజమహేంద్రవరానికి ఉత్తరాన ఉంది. హైదరాబాదు విమానం దాదాపు నేరుగా తూర్పుకు వస్తుంది కాబట్టి డెల్టా దానికి కుడిచేతి వైపున పడుతుంది. బెంగళూరు నుంచి ఈశాన్యంగానూ, చెన్నై నుంచి కోస్తా వెంబడి ఉత్తరంగానూ వచ్చే విమానాలకు కూడా కోనసీమ కుడివైపే. అందువల్ల వచ్చేటప్పుడు కుడి కిటికీ, వెళ్లేటప్పుడు ఎడమ కిటికీ అని గుర్తుపెట్టుకుంటే చాలు. వాతావరణాన్ని బట్టి దారి అటూ ఇటూ మారవచ్చు గానీ, చాలావరకు ఈ లెక్క తప్పదు. పాపికొండల వైపు చూడాలనుకునేవారు హైదరాబాదు నుంచి వచ్చేటప్పుడు ఎడమవైపు కూర్చోవాలి. నా మటుకు నాకు ధవళేశ్వరం ఆనకట్టే ముఖ్యం.

వైపుతో పాటు వరుస కూడా చూసుకోవాలి. ఎయిర్‌బస్ 320లో రెక్క కిటికీలకు దిగువన ఉంటుంది కనుక నడిమి వరుసల్లో కూర్చుంటే నేలకు బదులు రెక్కే కనిపిస్తుంది. రెక్కకు వెనుక కూర్చుంటే ఇంజను వేడిగాలికి దృశ్యం కొంత అలుక్కుపోతుంది. ఫొటోలు తీసేవారికి రెక్కకు ముందున్న ఎఫ్ సీట్లు, అంటే కుడి కిటికీ పక్కవి, మేలు. ఏటీఆర్ అనే చిన్న ప్రొపెల్లర్ విమానానికి రెక్క పైన ఉంటుంది, అందుచేత ఇంజను పక్క వరుసలు తప్పించి వెనక్కి కూర్చుంటే కిందంతా నిరాటంకంగా కనిపిస్తుంది.

మధురపూడి రన్‌వే నైరుతి, ఈశాన్య దిక్కులుగా ఉంది. నైరుతి నుంచి దిగే రోజున విమానం గోదావరిని దాటుకుని వస్తుంది, అప్పుడు కొవ్వూరు వంతెనలన్నీ కుడివైపు వరసగా కనిపిస్తాయి. వాటికి దిగువన కాటన్ దొర 1852 నాటికి పూర్తి చేసిన ఆనకట్ట స్థానంలో 1982లో పూర్తయిన బ్యారేజీ ఉంది. రోడ్డు మీద బస్సులో దాటేవారికి అది ఎడతెగని గోడ. పైనుంచి చూసినప్పుడే అది ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే నాలుగు ముక్కలనీ, ఆ ముక్కల నడుమ లంకలున్నాయనీ తెలుస్తుంది. తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాల ప్రధాన కాలువలు అక్కడే బయలుదేరుతాయి. పది లక్షల ఎకరాలకు పైగా నీరందించే ఏర్పాటు ఎలా పనిచేస్తుందో బడిలో ఎన్ని పటాలు గీసి చెప్పినా పిల్లలకు ఇంత తేటగా బోధపడదు.

కాలం కూడా చూసుకోవాలి. కాలువలు కట్టేసిన మే నెలలో నేల బోసిగా ఉంటుంది. ఆగస్టు వరదల్లో ఎర్రనీరు లంకలను కమ్ముకుని ఉంటుంది, మబ్బులు అడ్డు రాకపోతే అదీ చూడవలసినదే. సంక్రాంతి నాటికి దాళ్వా (రెండో పంట) ఊడ్పుల కోసం చేలన్నీ నీళ్లతో నిండి ఉంటాయి. శీతాకాలంలో సూర్యుడు దక్షిణానికి వాలి ఈ కిటికీకే ఎదురవుతాడు. కళ్లు చెదురుతున్నాయని కిటికీ తెర దించేయవద్దని మనవి. ఆ ఎదురెండలో పచ్చదనం కొంత వెలిసినట్టున్నా, చేలూ కాలువలూ బోదెలూ తళుక్కుమని నీటి జాడ మొత్తం బయటపడుతుంది. ఉదయం మంచు దట్టంగా ఉంటుంది గనుక పొద్దెక్కాక వచ్చే విమానం ఎంచుకోవడం మంచిది.

విమానాశ్రయ అధికారులకు నాదొక విన్నపం. ప్రయాణికులు వేచి ఉండే హాలులో డెల్టా పటాన్ని పెద్దదిగా పెట్టించి, ఏ ఊరికి వెళ్లే విమానంలో ఏ వైపు నుంచి ఏమి కనిపిస్తుందో తెలుగులో రాయించాలి. విమానం దిగబోతోందని ప్రకటించేటప్పుడు పైలట్లు గోదావరి ఏ వైపున ఉందో కూడా ఒక్క మాట చెప్పేలా విమాన సంస్థలు చూడాలి.

భవదీయుడు,
ఒక విశ్రాంత భూగోళ ఉపాధ్యాయుడు,
రావులపాలెం.