భాస్వరం 12 అంటే ఎంత?

సంపాదకుడికి,

నేలల సంరక్షణలో పొరుగు దేశాలతో కలిసి పనిచేయాలన్న మాట ఏటా డిసెంబర్ 5న, ప్రపంచ నేలల దినోత్సవం నాడు వినబడుతుంది. మంచి మాటే. మన చల్క నేలలు, శ్రీలంక మెట్ట ప్రాంతపు ఎర్ర నేలలు ఒక కోవకు చెందినవి. అక్కడా మనలాగే గొలుసుకట్టు చెరువులున్నాయి, వాళ్లు ఎల్లంగావ అంటారు. కాకపోతే అంకెలు ఇచ్చిపుచ్చుకునే ముందు వాటి అర్థం తేలాలి.

ఒక మట్టి పరీక్ష రిపోర్టులో భాస్వరం 12 అని ఉందనుకుందాం. అది పీపీఎం (పది లక్షల భాగాల్లో ఎన్ని భాగాలు) అయితే, పై 15 సెంటీమీటర్ల మట్టిలో హెక్టారుకు సుమారు 27 కిలోలు. ఎరువుల బస్తా మీది పి2ఓ5 (భాస్వరం ఆక్సైడు) లెక్కలో 62, ఎకరానికి చూస్తే 25. మన లెక్కన ఆ నేలలో భాస్వరం ఎక్కువున్నట్టు. ఆ 12నే హెక్టారుకు కిలోలుగా చదివితే మాత్రం మధ్యస్థం.

కొలిచే పద్ధతి మారినా చిక్కే. సున్నం ఉన్న నల్లరేగడికి ఓల్సెన్ పద్ధతి (క్షార ద్రావణంతో మట్టిలోంచి భాస్వరం రాబట్టి కొలవడం) వాడాలి. ఆమ్ల నేలలకు వాడే బ్రే ద్రావణం పోస్తే అందులోని ఆమ్లాన్ని సున్నమే తినేస్తుంది, భాస్వరం ఉన్నదానికన్నా తక్కువ కనబడుతుంది. తక్కువ అని భూసార కార్డు మీద పడితే రైతు ఇంకో బస్తా డీఏపీ వేస్తాడు. బస్తాకు 23 కిలోల పి2ఓ5 ఉంటుంది. పైరు తీసుకోగా మిగిలినదాంట్లో చాలాభాగం కాల్షియంతో కట్టుకుపోతుంది, పైరుకు జింకు అందడం తగ్గుతుంది. నాటిన రెండు మూడు వారాలకు వరి ఆకుల మీద తుప్పు మచ్చలు వచ్చి, దుబ్బులు గిడసబారతాయి. అప్పుడు మళ్లీ ఎరువే!

ఓల్సెన్‌లోనూ ఒక మెలిక ఉంది. ద్రావణం పీహెచ్ 8.5 ఉండాలి, 25 డిగ్రీల దగ్గర అరగంట ఊపాలి. ఏసీ లేని గదిలో, మన మే నెల ఎండల్లో, అదే మట్టి ఎక్కువ భాస్వరం చూపిస్తుంది. నమూనాలు కుప్పలుగా వచ్చేదేమో ఆ వేసవిలోనే.

ఇక మట్టి తీయడంలోనే తప్పు జరిగితే ల్యాబ్ ఏం చేసినా దండగే. గెట్ల పక్కన, చెట్ల కింద, పెంటకుప్ప వేసిన చోట తీయకూడదు. పొలమంతా వంకరటింకరగా నడుస్తూ 8–10 చోట్ల 'వి' ఆకారంలో 15 సెంటీమీటర్ల గుంత తవ్వి, అంచు వెంట పైనుంచి కిందిదాకా ఒకే మందంలో మట్టి చెక్కాలి. అన్నీ కలిపి, నాలుగు భాగాలు చేసి ఎదురెదురు భాగాలు పారేస్తూ అరకిలోకు తేవాలి. నీడలో ఆరబెట్టాలి. యూరియా సంచిలో పోస్తే నత్రజని లెక్క అక్కడే చెడిపోతుంది.

ఈ తేడాలు సరిచేయడానికే ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) 2017లో గ్లోసోలాన్ అనే ప్రయోగశాలల నెట్‌వర్క్ పెట్టింది. ఒకే మట్టిని పలు దేశాల ల్యాబులకు పంపి, ఎవరి అంకె ఎంత తప్పిందో చూస్తారు. ఉమ్మడి వరంగల్, కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల ల్యాబులన్నిటినీ ఈ పరీక్షకు కూర్చోబెట్టాలి. ప్రతి 20 నమూనాలకు ఒకసారి, ఫలితం ముందే తెలిసిన మట్టిని మధ్యలో పెట్టి చూడాలి, దీనికి పెద్ద ఖర్చేమీ కాదు. కార్డు మీద పద్ధతి పేరు, కొలమానం (పీపీఎమ్మా, కిలోలా) అచ్చువేయాలి.

అప్పుడు మన దగ్గరా ఇవ్వడానికి సరుకు ఉంటుంది. మిషన్ కాకతీయ కింద చెరువుల పూడిక తోలిన చల్కలు ఊరూరా ఉన్నాయి. ఆ పొలాల్లో, పక్కనే పూడిక పడని పొలాల్లో ఒకే లోతున మట్టి తీసి బంకమట్టి శాతం, సేంద్రియ కర్బనం, లవణాలు కొలిస్తే, ఎల్లంగావ కింద సేద్యం చేసేవాళ్లకు పంపదగ్గ మొదటి పట్టిక అదే అవుతుంది.

— ఒక పాఠకుడు, హనుమకొండ