లోతు కనబడితే దూకడం తేలికవుతుందా?

సంపాదకులకు నమస్కారం.

చేతిలో పట్టుకుని ఆడే వీడియో గేముల్లో త్రీడీ, అంటే రెండు కళ్లకూ కాస్త వేర్వేరు చిత్రాలు చూపి లోతు కనబడేలా చేయడం, వట్టి ఆర్భాటమేనని మీ పత్రికలో వచ్చిన వ్యాసం తేల్చేసింది. సగం నిజమే. ఏ రకం గేముకు ఆ మాట వర్తిస్తుందో, దేనికి వర్తించదో విడదీయకపోవడమే అందులో లోపం.

పక్కకు సాగే ప్లాట్‌ఫామ్ గేములో బొమ్మ ఎడమ నుంచి కుడికి పరిగెడుతుంది, కాలు మోపే దిమ్మెలన్నీ ఒకే తలంలో ఉంటాయి. ఎక్కడ వాలాలో తెలియడానికి లోతుతో పనే లేదు. త్రీడీ వల్ల వెనకున్న కొండలూ చెట్లూ ఇంకాస్త వెనక్కి జరిగి, దిమ్మెలు విడిగా కనబడతాయి, అంతే. 1995లో వర్చువల్ బాయ్ అనే త్రీడీ గేమ్ యంత్రం మీద వచ్చిన వారియో ల్యాండ్, 2012 నాటి మ్యూటంట్ మడ్స్, 2014 నాటి కిర్బీ ట్రిపుల్ డీలక్స్ ముందు వరస నుంచి వెనక వరసకు దూకించి లోతుకు కొంత పని కల్పించాయి. అయినా ఉన్నవి రెండు మూడు వరసలే. వస్తువు పెద్దదా చిన్నదా అని చూస్తేనే ఏది ఏ వరసలో ఉందో తెలిసిపోతుంది.

బొమ్మ తెర లోపలివైపు కూడా దూకాల్సిన గేముల్లో సంగతి వేరు. దూరం అంచనా వేయడానికి డిజైనర్లు ఏళ్ల తరబడి నమ్ముకున్నది బొమ్మ కింద పడే గుండ్రటి నీడను. నేల ఉన్నంతవరకు అది చాలు. కింద అగాధం ఉంటే నీడ పడడానికి చోటే లేదు. అది మళ్లీ కనబడేది అవతలి దిమ్మె మీదికి చేరాకే, అప్పటికి గాల్లో దిద్దుకునే వ్యవధి మిగలదు. కెమెరా తిరుగుతుంటే దగ్గరివీ దూరానివీ వేర్వేరు వేగాలతో కదిలి దూరం చెబుతాయి. కెమెరా నిలిచిపోయినప్పుడు ఆ ఆధారమూ పోతుంది. సరిగ్గా ఇక్కడే రెండు కళ్లకూ రెండు చిత్రాలు అందడం అక్కరకొస్తుంది: ఎగరకముందే అంచు ఎంత దూరమో పట్టుబడుతుంది. 2011లో వచ్చిన సూపర్ మారియో త్రీడీ ల్యాండ్‌లో కొన్ని గదులు దీని మీదే కట్టారు. కెమెరా కోణం వల్ల దిమ్మెలు ఒకదానికొకటి అతుక్కున్నట్టు ఉంటాయి, త్రీడీ వేస్తే విడిపోతాయి.

ఆ లోతు ఎంత? ఈ గేములు చాలావరకు ఆడే చేతి యంత్రం నింటెండో త్రీడీఎస్‌కు రెండు తెరలు, వాటిలో త్రీడీ చూపే పై తెర వెడల్పు సుమారు 77 మిల్లీమీటర్లు. అడ్డంగా 800 పిక్సెళ్లు, కంటికి 400. అంటే కంటికి కనబడే ఒక్కో చుక్క దాదాపు 0.19 మిల్లీమీటర్లు. కళ్ల మధ్య 63 మిల్లీమీటర్లు, తెర 33 సెంటీమీటర్ల దూరం అనుకుంటే, రెండు చిత్రాల మధ్య ఒక చుక్క తేడాకు తెర వెనక 1 మిల్లీమీటరు లోతు వస్తుంది. 10 చుక్కలకు సెంటీమీటరు పైచిలుకు. కళ్ల మధ్య దూరం తక్కువైన పిల్లలకు అదే తేడా ఇంకా ఎక్కువ లోతుగా అనిపిస్తుంది. 30 చుక్కలు దాటితే తేడా ఒక డిగ్రీ మించుతుంది, చాలామందికి కళ్లు లాగడం అక్కడ మొదలవుతుంది. కళ్లు లోతైన చోటికి తిరుగుతాయి గానీ, కంటి కటకం మాత్రం తెర మీదే నిలవాలి. ఆ పేచీయే తలనొప్పి. త్రీడీని పెంచి తగ్గించే స్లైడర్ మీటను సగానికి దించితే హాయిగానే ఉంటుంది, కాకపోతే దిమ్మెల మధ్య తేడా కూడా సగమైపోతుంది.

అందుకే బొమ్మను తెర తలంలోనే ఉంచి, లోకాన్ని లోపలికి తోయాలి. ముందుకు పొడుచుకొచ్చిన వస్తువు తెర అంచు దగ్గర తెగితే, ముందున్నదాన్ని వెనకున్న చట్రం కోసేసినట్టుంటుంది, కన్ను ఒప్పుకోదు. స్కోరు అంకెలు కూడా వాటి వెనక కనబడే దేనికన్నా ముందే ఉండాలి. చీకటి మీద తెల్లటి అంచులు పెడితే ఒక కంటి చిత్రం రెండో కంటికి కారి దెయ్యంలా కనబడుతుంది.

ఖర్చు కూడా చెప్పుకోవాలి. దృశ్యాన్ని రెండుసార్లు గీయాలి. డాంకీ కాంగ్ కంట్రీ రిటర్న్స్ టీవీకి తగిలించి ఆడే వీ కన్సోల్ మీద సెకనుకు 60 ఫ్రేములు (చిత్రాలు) నడిచింది, 2013లో త్రీడీఎస్ మీద 30కి దిగింది. అంత కచ్చితంగా దూకాల్సిన గేములో, అదీ పక్కకు సాగేదాంట్లో, ఇది నష్టపు బేరమే. ఒక్కో కంటికి దాని చిత్రమే చేరేలా తెరలో అమర్చిన అడ్డుపొర సగం వెలుతురు ఆపేస్తుంది. తల కొద్దిగా పక్కకు జరిగితే చిత్రం రెండుగా చీలుతుంది. 2014 చివర వచ్చిన న్యూ త్రీడీఎస్ కెమెరాతో ముఖాన్ని కనిపెడుతూ దీన్ని చాలావరకు సరిచేసింది.

అసలు అడ్డంకి ఇంకొకటుంది. 6 ఏళ్లు, అంతకన్నా తక్కువ వయసున్న పిల్లలకు త్రీడీ వద్దని నింటెండోయే చెప్పింది. మెల్లకన్ను ఉన్న కొందరికి ఈ లోతు అసలు కనబడదు. త్రీడీఎస్ గేములే ఆడించే టూడీఎస్ అనే యంత్రం 2013లో వచ్చింది, దాంట్లో త్రీడీయే లేదు. కాబట్టి త్రీడీ లేకుండా పూర్తి చేయలేని స్థాయిని ఎవరూ కట్టలేరు, నీడను తీసేయనూ లేరు.

ఎవరైనా పరీక్షించి చూడాలంటే అదే గేము, అదే స్థాయి ఇచ్చి, సగం మందికి ముందు త్రీడీతో, మిగతావారికి ముందు త్రీడీ లేకుండా ఆడించాలి. లోపలికి దూకుతూ పడిపోయినవీ పక్కకు దూకుతూ పడిపోయినవీ విడిగా లెక్కించాలి. ఫ్రేముల వేగం రెండు విధాలా ఒకటేనని ముందే చూసుకోవాలి, లేకపోతే బటన్ నొక్కాక జరిగే ఆలస్యం వల్ల పడినవి కూడా లోతు ఖాతాలో చేరిపోతాయి.

— ఒక గేమ్ డెవలపర్