మార్చని బ్రేకు ఆయిల్‌కు బిల్లు: ఫిర్యాదు

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

నమస్కారం. మూడేళ్ల క్రితం కొన్న నా కారుకు సర్వీసులన్నీ మీ నెల్లూరు సెంటర్‌లోనే చేయిస్తున్నాను. గత నెల మొదట్లో అక్కడే బ్రేకు ఆయిల్ మార్చామని 1,140 రూపాయలు బిల్లు వేశారు. అది మార్చలేదన్నదే నా ఫిర్యాదు.

ఆ తర్వాత వారానికి అమ్మానాన్నలతో కలిసి ఐదుగురం తిరుమల నుంచి దిగుతున్నాం. రెండో గేరులోనే ఉన్నాను. ముందున్న జీపు ఆగినప్పుడల్లా ఆగుతూ నాలుగైదు సార్లు గట్టిగా బ్రేకు తొక్కాల్సి వచ్చింది. ఆపైన ఒక మలుపులో బస్సు ఆగింది. తొక్కితే పెడల్ మెత్తగా అడుగు దాకా దిగిపోయింది. గబగబా రెండు మూడు సార్లు కొట్టి, మొదటి గేరుకు దించి, హ్యాండ్ బ్రేకు లాగితే బస్సుకు మూరెడు దూరంలో ఆగాం. ముందు చక్రాల నుంచి పొగ, మాడు వాసన. వెనక సీట్లో అమ్మ గోవింద నామం ఆపలేదు. ఆమెకు అసలు సంగతి ఇప్పటికీ చెప్పలేదు.

అరగంట చల్లారాక పెడల్ మళ్లీ గట్టిపడింది.

మీ సర్వీస్ అడ్వైజర్ ఇదంతా విని, వేగంగా దిగి ఉంటారు, డ్రైవింగ్ లోపానికి వారంటీ వర్తించదు అన్నారు. 40 నిమిషాల కంటే ముందు కిందికి చేరితే జరిమానా వేసే దారి అది. కొండ మీద టోల్ గేటులో ఇచ్చిన టైము చీటీ నా దగ్గర ఉంది. ఆగిన అరగంట తీసేసినా అలిపిరికి 50 నిమిషాల పైనే పట్టింది.

తిరుపతిలో ఒక మెకానిక్ నా ఎదుటే చక్రాలు విప్పారు. పాత ఆయిల్‌ను బయటికి దించడానికి విప్పే బ్లీడింగ్ నిపుల్స్ మీద తుప్పూ మట్టీ గట్టిగా పేరుకుని ఉన్నాయి. నెలలోపు వాటికి స్పానర్ తగిలి ఉంటే ఆ పెచ్చు ఉండదు. ట్యూబు పెట్టి ఆయిల్‌ను సీసాలోకి దించితే కాఫీ డికాషన్ రంగులో వచ్చింది.

డాట్ 3 రకం బ్రేకు ఆయిల్ కొత్తదైతే కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదు. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది. నీరు 3.7 శాతానికి చేరితే 140 డిగ్రీలకే మరిగినా ప్రమాణం ఒప్పుకుంటుంది. బ్రేకుల వేడికి అలా మరిగితే బుడగలు వస్తాయి. కాలు వేసిన బలమంతా బుడగలను నొక్కడానికే పోతుంది, ప్యాడ్ల దాకా చేరదు. చల్లారగానే పెడల్ తిరిగి రావడానికి కారణం కూడా అదే. అందుకే రెండేళ్లకోసారి మార్చాలని మీ మాన్యువల్‌లో రాశారు.

దీనికి మీ సెంటర్ చెప్పిన పరిష్కారం పెద్ద డిస్కులు, 62,000 రూపాయలు. నా 15 అంగుళాల చక్రంలో అవి పడతాయా అని అడిగితే, చక్రాలూ టైర్లూ కూడా మార్చుకోవాలన్నారు. రేసులకు వెళ్లేవారికి అవి అవసరమేమో. ఏడాదికి రెండు సార్లు కొండకు వెళ్లే నాకు తాజా ఆయిల్, మంచి ప్యాడ్లు చాలు.

ముందు డిస్కులు నీలిరంగుకు తిరిగాయి. 80 వేగంలో బ్రేకు వేస్తే స్టీరింగ్ అదురుతోంది. డిస్కులు, ప్యాడ్లు ఉచితంగా మార్చండి. 1,140 రూపాయలు తిరిగి ఇవ్వండి. ఆ రోజు జాబ్ కార్డు మీద సంతకం చేసిన వారి వివరణ రాతపూర్వకంగా పంపండి. డాట్ 3 బదులు ఎక్కువ వేడి తట్టే డాట్ 4 పోయించుకుంటే వారంటీ పోతుందా అన్నది కూడా కాగితం మీదే చెప్పండి. ఇద్దరు అడ్వైజర్లు రెండు రకాలుగా చెప్పారు.

15 రోజుల్లో జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి, ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. బిల్లు, చీటీ, ఫొటోల నకళ్లు జతచేశాను. సీసా మాత్రం నా దగ్గరే ఉంది. మీ ఇంజినీరు వస్తే పరీక్షకు సగం ఇస్తాను, మొత్తం ఇవ్వను.

ఇట్లు,
మీ వినియోగదారుడు, నెల్లూరు